తాతయ్య నోట్‌బుక్కు, నా డ్రైవ్ లింకు

ముందే చెప్పేస్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం బాపతు. ఈ సాహితీ క్లబ్బులో చేరింది కూడా సీనియర్ అక్క పోరు పడలేకే. వత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకోండి. ఇదే విషయాన్ని ఇంగ్లీషులో అయితే ఒక గంటలో రాసేసేవాణ్ణి. కానీ అప్పుడు మా అమ్మమ్మ చదవదు. ఆమె చదవాలి, ఎందుకంటే ఇందులో సగం కథ ఆమెది.

డబ్బు పెట్టి కొన్న సినిమాని కాపీ చేసి ఇంట్లోవాళ్ళకి ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు అనే నా అభిప్రాయం. ఒక్క మాటలో అయిపోయేదానికి ఇంత వ్యాసం ఎందుకంటే, నేను అలా ఇచ్చి, నా చేతులతో నేనే చెడగొట్టుకున్నా.

మా తాతయ్య తెనాలిలో హైస్కూల్ లెక్కల మాస్టారు. నేను తొమ్మిదో క్లాసులో ఉండగా పోయాడు. ఆయనకి సినిమాల పిచ్చి, దానితోపాటు లెక్కల పిచ్చి. 2007 ఆ ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి అమ్మడం మొదలుపెట్టారు. అంతకుముందు ఒరిజినల్ డిస్కు అంటే మాస్టారి జీతానికి అందే వస్తువు కాదు. ధర దిగేసరికి తాతయ్య ప్రతి నెలా ఒకటో రెండో కొనడం మొదలుపెట్టాడట. ప్రతి కవర్ వెనకా బాల్ పెన్నుతో కొన్న తేదీ, ధర రాసి ఉంటాయి. పైరసీ సీడీలు అంతకన్నా తేలిగ్గా దొరికే రోజులవి. తాతయ్య మాత్రం వాటిని ముట్టుకునేవాడు కాదు. థియేటర్లో గోడ దూకి లోపలికెళ్ళడానికీ దీనికీ తేడా ఏముందే అని అమ్మని అడిగేవాడట.

బీరువా కింది అరలో మొత్తం 43 డిస్కులు. వాటి పక్కన ఒక నోట్‌బుక్కు. స్కేలుతో నాలుగు గడులు గీసి ఉన్నాయి. సినిమా పేరు, ఎవరికి ఇచ్చాం, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ. 'శంకరాభరణం, ఎదురింటి కాంపౌండర్ గారు' అని ఒకే సినిమా అదే మనిషికి నాలుగుసార్లు వెళ్ళింది. కొన్నిచోట్ల తిరిగొచ్చిన తేదీ పక్కన 'గీత పడింది' అని ఎర్ర ఇంకుతో. లెక్కల మాస్టారు కదా, పేపర్లు దిద్దే అలవాటు డిస్కుల మీద కూడా చూపించాడు.

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు అమ్మమ్మ అంది, "ఆ డబ్బా నోరు తెరవట్లేదురా. మీ తాతయ్య కొన్న సినిమా ఒక్కటన్నా చూద్దామంటే కుదరట్లేదు." ప్లేయర్ ట్రే ఇరుక్కుపోయింది. రిపేర్ చేసేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. యూట్యూబ్‌లో లేవా అని మీరు అడగొచ్చు. చాలా పాత తెలుగు సినిమాలని హక్కులున్న సంస్థలే అక్కడ పెట్టాయి, నిజమే. నేనూ పెట్టి చూపించా. పాట మంచి పట్టులో ఉండగా బట్టల సబ్బు యాడ్ వచ్చింది. దాన్ని స్కిప్ చేయడానికి అమ్మమ్మ రిమోట్‌తో కుస్తీ పట్టేలోపు ఇంకో యాడ్. "పోనీలేరా" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మమ్మ పోనీలేరా అంటే వదిలేయమని కాదు, బాధపడిందని అర్థం.

కంప్యూటర్ సైన్స్ మనవడు ఉండి ఏం లాభం అనిపించింది. నా ల్యాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవే లేదు (మన క్లాసులో ఎవరి దానికైనా ఉందా?). ఫ్రెండ్ వాళ్ళ నాన్న దగ్గర యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి అప్పు తెచ్చా. డిస్కు లోపల చూస్తే ఒక్కో గిగాబైటు ముక్కలుగా కోసిన వీఓబీ ఫైళ్ళు ఉంటాయి. కొన్ని డిస్కులు మామూలుగానే కాపీ అయ్యాయి. కొన్నిటికి సీఎస్ఎస్ అనే తాళం ఉంది, 40 బిట్ల ఎన్‌క్రిప్షన్. మన నెట్‌వర్క్ సెక్యూరిటీ సార్ వింటే నవ్వుతాడు, అంత చిన్న తాళం. వీడియోల్యాన్ వాళ్ళ లైబ్రరీ ఒకటి ఉంటే తెరుచుకుంటుంది. మూడు రోజులు పట్టింది. 43లో నాలుగు బూజు పట్టి చదవలేదు. మిగతా 39 సినిమాలు ఒక 64 జీబీ పెన్ డ్రైవ్‌లో పట్టాయి. మొదట పెద్ద ఫైలు ఒకటి ఎక్కించబోతే ఎక్కలేదు. ఎఫ్ఏటీ32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదన్న సంగతి సెకండ్ సెమిస్టర్‌లో చదివి మర్చిపోయా. తెనాలి టీవీ గుర్తుచేసింది.

ఆ రాత్రి అమ్మమ్మ శంకరాభరణం మొత్తం చూసింది. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నేను చేసింది నేరమా? నేను లా చదవలేదు, కానీ మన కాపీరైట్ చట్టం నెట్‌లో ఉంది, కోడ్ చదివినట్టే కూర్చుని చదివా. 1957 నాటి చట్టం అది. సెక్షన్ 52లో మొదటి మినహాయింపే, సొంత వాడకం కోసం న్యాయబద్ధంగా వాడుకుంటే ఉల్లంఘన కాదని చెబుతుంది. 2012 సవరణకి ముందు ఈ మినహాయింపు సినిమాలకి లేదు. ఆ సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప అన్నిటికీ వచ్చింది. (మన ప్రోగ్రాములని మాత్రం బయటే నిలబెట్టారు, గమనించండి.) అదే సవరణలో 65ఏ అని ఇంకో సెక్షన్ కూడా వచ్చింది. డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ళదాకా జైలు. కానీ అందులో ఒక షరతు ఉంది, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో పగలగొడితేనే. చట్టం నిషేధించని పని కోసం తాళం తీస్తే ఆ సెక్షన్ అడ్డు కాదని కింద విడిగా కూడా రాశారు.

ఇది నాకు చాలా నచ్చింది. మన చట్టం తాళాన్ని కాదు, తాళం తీసినవాడి మనసుని అడుగుతోంది. అమెరికాలో అలా కాదు. అక్కడ 1998లో డీఎమ్‌సీఏ అని చట్టం తెచ్చారు. దాని ప్రకారం తాళం తీయడమే తప్పు, డిస్కు నువ్వు కొన్నదే అయినా సరే. మూడేళ్ళకోసారి కొన్ని మినహాయింపులు ఇస్తారు. ఇంట్లో వాడుకోడానికి డీవీడీ కాపీ చేసుకుంటామని అడిగినవాళ్ళకి మాత్రం ఇవ్వలేదు. అంటే నేను తెనాలిలో చేసిన పనే డాలస్‌లో ఉన్న మా మావయ్య తన ఇంట్లో కూర్చుని చేస్తే లెక్క మారిపోతుంది. పోనీ డిస్కే పట్టుకెళ్దామంటే అమెరికా డీవీడీ రీజియన్ 1, మనది 5. రీజియన్ కోడ్ ఉన్న డిస్కైతే అక్కడి ప్లేయర్ మొహం తిప్పుకుంటుంది.

సీఎస్ఎస్ తాళానికి ఒక కథ ఉంది, మన బ్రాంచి వాళ్ళందరికీ తెలియాల్సింది. 1999లో దాన్ని విప్పే ప్రోగ్రాం బయటికొచ్చింది. దాని వెనక ఉన్నవాళ్ళలో యోన్ లెక్ యోహాన్సెన్ అనే నార్వే కుర్రాడు ఒకడు. అప్పటికి వాడికి 15 ఏళ్ళు, నాకన్నా నాలుగేళ్ళు చిన్న. హాలీవుడ్ వాళ్ళ ఫిర్యాదు మీద కేసు పెట్టారు. 2003లో కింది కోర్టూ, అప్పీలు కోర్టూ రెండూ నిర్దోషి అన్నాయి. తను కొనుక్కున్న డిస్కుని తను చూసుకోడానికి తాళం తీసుకోవడం తప్పు కాదన్నాయి.

మరి ఇంట్లోవాళ్ళ సంగతి? మన సెక్షన్ 52లో సొంత వాడకం అనే మాట ఉంది, కుటుంబం అనే మాట లేదు. తమాషా ఏంటంటే, అదే చట్టంలో విదేశాల నుంచి తెచ్చుకునే కాపీ గురించి చెప్పేచోట మాత్రం 'సొంత, ఇంటి వాడకానికి ఒక్క కాపీ' అని ఇంటిని కూడా కలిపారు. కాపీ మావయ్య సూట్‌కేసులో వస్తే ఇల్లు గుర్తొచ్చింది, నా ల్యాప్‌టాప్‌లో తయారైతే గుర్తు రాలేదు. మనవడు కాపీ చేస్తే అమ్మమ్మ చూడటం సొంత వాడకం కాదనేవాడు ఏ తెలుగింట్లో పెరిగాడో నాకు తెలీదు. కానీ అది నా మాట, చట్టంలో రాసి ఉన్న మాట కాదు. రాయాలి అంటాను. ఇంగ్లండ్ వాళ్ళు 2014 అక్టోబరులో సొంత కాపీకి అనుమతి ఇచ్చారు. సంగీతం వాళ్ళు కోర్టుకి వెళ్తే 2015 జులైలో అది కొట్టేశారు, కళాకారులకి పరిహారం లేకుండా ఇవ్వడం కుదరదని గొడవ. జర్మనీలో పరిహారానికి ఒక దారి ఉంది. ఖాళీ డిస్కులు, కాపీ చేసే పరికరాల ధరలోనే చిన్న రుసుము కలిపి వసూలు చేసి హక్కుదారులకి పంచుతారు. నేను కొన్న పెన్ డ్రైవ్ మీద ఇంకో పది రూపాయలు వేసి, 'ఇంట్లోవాళ్ళకి కాపీ ఇచ్చుకో' అని రాసిస్తే సంతోషంగా కడతా.

కుటుంబం అంటే ఎవరో ఇప్పుడు కంపెనీలు నిర్ణయిస్తున్నాయి. ఆపిల్‌లో కుటుంబం అంటే ఆరుగురు. గూగుల్‌లోనూ ఆరుగురే. కొన్నవి పంచుకోవాలంటే అందరూ ఒకే దేశంలో ఉండాలి. మా ఇంట్లో అమ్మమ్మ తెనాలిలో, పిన్ని విజయవాడలో, మేం హైదరాబాద్‌లో, మావయ్య డాలస్‌లో. ఇది వింత కుటుంబమేం కాదు, మీలో సగం మందిది ఇదే. నెట్‌ఫ్లిక్స్ అయితే 2017లో ప్రేమంటే పాస్‌వర్డ్ పంచుకోవడమే అనే అర్థంలో ట్వీట్ పెట్టి, 2023 జులైలో మన దేశంలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి మాత్రమే అకౌంటు అని ఈమెయిళ్ళు పంపింది. నెలసరి చందా కట్టేదానికి ఆ షరతు పెట్టడం వాళ్ళ ఇష్టం, దాని మీద నాకు పెద్ద కోపం లేదు. నా కోపం 'బై' అనే బటన్ మీద.

రెండేళ్ళ క్రితం అమ్మ పుట్టినరోజుకి ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో సినిమా కొన్నా. అద్దె కాదు, బై అనే నొక్కా. ఇంటర్ చదివేటప్పుడు నా పాకెట్ మనీ అది. ఏడాది తర్వాత చూస్తే లైబ్రరీలో సినిమా లేదు. అడిగితే, ఆ టైటిల్‌కి మా లైసెన్స్ అయిపోయింది అన్నారు. తాతయ్య 34 రూపాయల డిస్కుకి బూజు పట్టినా బీరువాలో ఉంది. నాది బూజు కూడా పట్టకుండా మాయమైంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ఇచ్చేది లైసెన్సే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా బై అనే మాట వాడకూడదు. మనకి ఆ మాత్రం కూడా లేదు. దీర్ఘకాలం అద్దెకిస్తూ అమ్ముతున్నాం అని చెప్పడం ఏం వ్యాపారం?

పోనీ ఈ తాళాలన్నీ పైరసీని ఆపుతున్నాయా? ఓటీటీలో పొద్దున్న వచ్చిన సినిమా మధ్యాహ్నానికి మన హాస్టల్‌లో ప్రతి ఫ్లోర్‌లో ఉంటుంది. తాళం వల్ల ఆగింది మా అమ్మమ్మ ఒక్కతే. దొంగకి తెరుచుకుని, ఇంటివాళ్ళకి మాత్రం తెరుచుకోని తాళాన్ని ఏమనాలి?

ఇంతవరకూ రాసి ఆపేస్తే నేను చాలా మంచివాడిలా కనిపిస్తా. కానీ ఆపకూడదు.

అమ్మమ్మ ఆనందం చూసి అమ్మ ఫ్యామిలీ గ్రూప్‌లో ఫొటో పెట్టింది. వెంటనే మావయ్య ఫోన్, "ఒరేయ్, నాన్న సినిమాలన్నీ ఉన్నాయా నీ దగ్గర? నాకూ పంపరా." పిన్ని కూడా అడిగింది. 39 ఫైళ్ళూ డ్రైవ్‌లో పెట్టా. ఫోల్డర్‌కి 'మాస్టారి సినిమాలు' అని పేరు పెట్టుకున్నా, మురిసిపోతూ. షేర్ చేసేటప్పుడు ఒక్కొక్కరి ఈమెయిల్ కలపాలి. పిన్నికి తన ఈమెయిల్ గుర్తులేదు. బద్ధకం వేసి 'ఎనీవన్ విత్ ద లింక్' అని నొక్కి లింకు గ్రూప్‌లో పడేశా. రెండు సెకన్ల పని.

పిన్ని కొడుకు ఇంటర్ సెకండియర్. వాడి ఫ్రెండ్ వాళ్ళ నానమ్మ పాత సినిమాలు అడుగుతోందంటే లింకు వాడికి పంపాడు. వాడి తప్పేముంది, నేను అమ్మమ్మ కోసం చేసిందే వాడు ఇంకొకళ్ళ నానమ్మ కోసం చేశాడు. ఆ ఫ్రెండ్ ఇంకెవరికో. మూడు వారాలు గడిచాక మావయ్య ఫోన్ చేశాడు. "ఏంట్రా, ఓపెన్ అవట్లేదు. చాలామంది డౌన్‌లోడ్ చేస్తున్నారు, తర్వాత రమ్మంటోంది." చాలామంది ఎవరు? మేం అందరం కలిపి పదకొండు మందిమి.

వెతికితే ఒక టెలిగ్రామ్ ఛానెల్‌లో దొరికింది. 'మాస్టారి సినిమాలు హెచ్‌డీ' అని పోస్టు. (హెచ్‌డీ ఏంటి నా మొహం, డీవీడీకి ఉండేది 576 గీతలు.) కింద బెట్టింగ్ యాప్ యాడ్. గోడ దూకినవాణ్ణి సహించని మనిషి పేరు మీద గోడకి కన్నం వేసింది నేను. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. అమ్మకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది, అమ్మమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివే తెలుసుకుంటుంది.

మళ్ళీ చట్టం తెరిచా. ప్రజలకి అందుబాటులో పెట్టడం అనే మాటకి నిర్వచనం ఉంది. పెడితే చాలు, ఎవరైనా నిజంగా చూశారా లేదా అన్నది లెక్కలోకి రాదు. అంటే ఛానెల్‌వాడు ఎత్తుకెళ్ళడం తర్వాతి సంగతి, నేను ఆ ఆప్షన్ నొక్కిన క్షణమే గడప దాటేశానన్నమాట. సెక్షన్ 63 ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘనకి ఆరు నెలల నుంచి మూడేళ్ళు.

నా రూమ్మేట్‌కి ఇదంతా చెబితే నవ్వాడు. "ఐబొమ్మ నడిపినోణ్ణి పోలీసులు పట్టుకుంటే జనం వాడికి మీమ్స్ వేసి జేజేలు కొట్టార్రా. నువ్వు 1980 సినిమాకి ఏడుస్తున్నావా?" వాడి వాదనలో నిజం లేకపోలేదు. కుటుంబంతో మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్ల కన్నా పాప్‌కార్న్ బిల్లు భయపెడుతుంది. పాత సినిమా నిర్మాతకి ఎప్పుడో డబ్బులొచ్చేశాయి కదా అని కూడా అన్నాడు. కాపీరైట్‌కి చివరి తేదీ ఉంది, మనం ఊహించుకున్నది కాదు. మన దేశంలో సినిమాకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1957లో వచ్చిన మాయాబజార్ బ్లాక్ అండ్ వైట్ సినిమాకి ఆ గడువు 2017తో అయిపోయింది. 2010లో వచ్చిన రంగుల వెర్షన్ సంగతి వేరు. శంకరాభరణం 1980 ఫిబ్రవరిలో వచ్చింది, అంటే 2040 చివరిదాకా. అప్పటికి నాకు 34. 60 ఏళ్ళు చాలా ఎక్కువని నాకూ అనిపిస్తుంది, తగ్గించమని ఎవరైనా సంతకాలు సేకరిస్తే పెడతా. కానీ ఎక్కువ అనిపించినంత మాత్రాన బెట్టింగ్ యాప్‌వాడికి ఆ సినిమా మీద హక్కు రాదు, వాడికి అందించే హక్కు నాకూ రాదు.

ఇంజనీర్లుగా మనకి ఇందులో ఒక చిక్కు ఉంది. సీపీ అని టైప్ చేసి ఎంటర్ కొడితే కాపీ అవుతుంది. ఆ కమాండ్‌కి అమ్మమ్మ ఎవరో, టెలిగ్రామ్ ఛానెల్ ఎవరో తెలీదు. తాతయ్య డిస్కు అలా కాదు. కాంపౌండర్ గారికి ఇస్తే మన ఇంట్లో ఉండేది కాదు, తిరిగొచ్చేదాకా అమ్మమ్మ చూడలేదు. ఆ లేకపోవడమే కాపలా కాసింది. కాపీలో ఆ లేకపోవడం లేదు, కాబట్టి ఎవరికి ఇచ్చానో గుర్తుపెట్టుకునే పని నా మీద పడింది. నేను దాన్ని రెండు సెకన్లలో వదిలించుకున్నా. పెన్ డ్రైవ్ చేతికి ఇవ్వడానికీ లింకు పంపడానికీ తేడా టెక్నాలజీలో చిన్నదే. కానీ పెన్ డ్రైవ్ ఇచ్చేటప్పుడు ఎదురుగా ఉన్న మొహం చూస్తాం. పిన్నికి చేత్తో ఇచ్చి ఉంటే, "మనింట్లోనే చూసుకోండి పిన్నీ" అని ఒక్క మాట అనేవాణ్ణి. లింకుకి ఆ మాట అంటించడం నాకు తట్టలేదు.

లింకు తీసేశా. ఆ ఛానెల్ మీద రిపోర్ట్ కొట్టా, రెండు రోజుల తర్వాత పోస్టు పోయింది. ఈపాటికి ఎన్ని హార్డ్ డిస్కుల్లోకి వెళ్ళాయో ఆ ఫైళ్ళు, వాటిని వెనక్కి తీసుకొచ్చే కమాండ్ ఏదీ లేదు.

సమ్మర్ సెలవుల్లో రెండు పెన్ డ్రైవ్‌లు కొని మళ్ళీ కాపీ చేశా. ఒకటి విజయవాడలో దిగి పిన్ని చేతికి ఇచ్చా, ఆ ఒక్క మాటా ఈసారి చెప్పా. రెండోది మావయ్యది, డిసెంబరులో వచ్చినప్పుడు ఇవ్వాలి. తెనాలి వెళ్ళి తాతయ్య నోట్‌బుక్కు తీసి, ఆఖరి పేజీ తర్వాత స్కేలుతో కొత్త గడులు గీశా. సినిమా పేరు గడిలో '39 సినిమాలు', ఎవరికి అన్నచోట 'పిన్ని', పక్కన తేదీ. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. నాలుగో గడి మీద వేలు పెట్టి, "మరి ఇవి తిరిగొచ్చిన తేదీ ఏం రాస్తావురా?" అంది.

ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.